ఆరు గంటల ఓడ, వందేళ్ల పగడం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి చుట్టూ తిరిగాయి: పెద్ద పెద్ద క్రూయిజ్ ఓడలు ఆగే చోట సముద్రం అడుగున ఏం జరుగుతోంది? కరేబియన్ దీవుల్లో పదకొండేళ్లు డైవింగ్ నేర్పిస్తూ బతికినదాన్ని. అందుకే ఈ పేజీ మొత్తం ఆ ఉత్తరాలకే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, మా పెళ్లై పాతికేళ్లయిన సందర్భంగా కరేబియన్ క్రూయిజ్‌కి టికెట్లు కొన్నాం. మెక్సికో దీవి కోజుమెల్‌లోనూ, గ్రాండ్ కేమన్ దీవిలోనూ ఆగుతుందట. జీవితంలో ఒక్కసారైనా స్క్యూబా (గాలి ట్యాంకు కట్టుకుని నీటి అడుగున ఈదడం) చేయాలని మావారి కోరిక. మా అమ్మాయి మాత్రం "ఆ ఓడలు పగడాల్ని చంపేస్తాయి, నేను రానుగాక రాను" అని పట్టుబట్టి కూర్చుంది. అంత మాట నిజమేనా? టికెట్లు వెనక్కిచ్చేయమంటారా? (ఒక అమ్మ)

జవాబు: మీ అమ్మాయి మాట నిజమేనమ్మా. కాకపోతే "చంపేస్తాయి" అన్న ఒక్క మాటలో నాలుగైదు వేరు వేరు సంగతులున్నాయి. వాటిని విడదీసి చెబుతాను.

ముందు లంగరు. దాని కొక్కెం పగడాన్ని విరగ్గొడుతుందని అందరూ అనుకుంటారు. విరగ్గొడుతుంది, కానీ అసలు నాశనం గొలుసు వల్ల. గాలికీ ప్రవాహానికీ ఓడ అటూ ఇటూ తిరుగుతుంటే అడుగున పరుచుకున్న ఆ ఇనుప గొలుసు దారిలో ఉన్నవన్నీ ఊడ్చుకుంటూ పోతుంది. గ్రాండ్ కేమన్ దగ్గర ఒక క్రూయిజ్ ఓడ ఒక్కరోజు లంగరు వేసి నిలబడితే 3,150 చదరపు మీటర్ల పగడపు దిబ్బ నాశనమైందని అక్కడ కొలిచి చూసిన పరిశోధకుడు 1988లో రాశాడు. అది కోలుకోవడానికి యాభై ఏళ్లకు పైగా పడుతుందని కూడా రాశాడు. నేను అక్కడ పనిచేసే రోజుల్లో అలాంటి పాత మచ్చ ఒకదాని మీదుగా చాలాసార్లు ఈదాను. ఒక పక్క మనిషంత ఎత్తు పగడాలు, వాటి సందుల్లో చేపలు. ఇంకో పక్క పిడికెడేసి రాళ్ల గుట్ట, మీద గోధుమరంగు నాచు. రెండింటికీ మధ్య బలపంతో గీసినట్టు గీత. చేపలు ఆ గీత దాకా వచ్చి వెనక్కి తిరిగేవి.

రెండోది చాలామందికి తెలియదు, నన్ను ఎక్కువ బాధపెట్టింది కూడా అదే. కోజుమెల్‌లో పారాయిసో అనే దిబ్బ ఉంది. ఓడలు ఆగే జెట్టీలకి పక్కనే, ఒడ్డుకి దగ్గర్లోనే. ఒక సాయంత్రం ఇద్దరు శిష్యులతో అక్కడ నీళ్లలో ఉన్నాను. దూరంగా జెట్టీ దగ్గర ఓడ బయల్దేరింది. ఆ చప్పుడు చెవుల కన్నా ముందు పక్కటెముకల్లో తెలిసింది. పెద్ద ఓడని జెట్టీ నుంచి పక్కకి తోయడానికి ముందూ వెనకా పంకాలు తిరుగుతాయి, వాటిని థ్రస్టర్లంటారు. వాటి తోపుకి అడుగునున్న ఇసుకంతా లేస్తుంది. కాసేపటికి నీళ్లు మజ్జిగలా తెల్లబడ్డాయి, శిష్యుల కాళ్లకున్న ఫిన్స్ (ఈత తెడ్లు) కూడా కనిపించలేదు. వాళ్ల చేతులు పట్టుకుని పైకి తీసుకొచ్చేశాను. మర్నాడు పొద్దున్నే మళ్లీ దిగాను. ఒక మెదడు పగడం ఉండేది, బండి చక్రమంత. దాని మడతల మధ్య బూడిదరంగు మట్టి పేరుకుని ఉంది. పగడం జిగురు కార్చి ఆ మట్టిని తోసుకుంటోంది. జిగురు తీగలు తీగలుగా సాగి ప్రవాహంలో ఊగుతున్నాయి. పగడం ఒంట్లో కంటికి కనబడని నాచు కాపురముంటుంది. ఎండ తగిలితే అది తిండి తయారుచేసి పగడానికి పెడుతుంది. మట్టి కప్పితే తిండి తగ్గిపోతుంది, ఉన్న బలం కాస్తా మట్టి తోసుకోవడానికి ఖర్చైపోతుంది. ఒకసారైతే తట్టుకుంటుంది. రోజూ రెండు మూడు ఓడలు వచ్చీ పోతుంటే ఎన్నిసార్లు తట్టుకుంటుంది? ఆ జాతి ఏడాదికి పెరిగేది కొన్ని మిల్లీమీటర్లే. బండి చక్రమంత కావడానికి మూడు తరాలు పట్టి ఉంటుంది.

మురుగు గురించి కూడా అడుగుతుంటారు. అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం శుద్ధి చేయని మురుగుని తీరానికి 12 నాటికల్ మైళ్లు దాటాకే వదలాలి, నలగ్గొట్టి క్రిములు చంపినదైతే 3 మైళ్లు దాటాక. స్నానాల నీళ్లకీ లాండ్రీ నీళ్లకీ ఆ ఒప్పందంలో కట్టడి లేదు. ఉన్న నిబంధనల్ని కూడా అందరూ పాటించలేదు. నూనె కలిసిన నీళ్లని దొంగ గొట్టంతో సముద్రంలోకి వదిలి, ఆ సంగతి దాచినందుకు ప్రిన్సెస్ క్రూయిజెస్ సంస్థ 2016లో అమెరికాలో 4 కోట్ల డాలర్ల జరిమానాకి ఒప్పుకుంది.

చిన్న ఓడైతే ఫరవాలేదనుకోకండి. 2017 మార్చిలో ఇండోనేషియాలోని రాజా అంపాత్‌లో క్రీ ద్వీపం దగ్గర కాలెడోనియన్ స్కై అనే ఓడ, నీళ్లు తీసిన వేళ పగడపు దిబ్బకి ఎక్కేసింది. అందులో ఉన్నది 102 మంది ప్రయాణికులే, అదీ పక్షుల్ని చూసి వస్తున్నవాళ్లు. పోటు వచ్చేదాకా ఆగకుండా టగ్ బోటుతో లాగించారు. 13,000 చదరపు మీటర్లకు పైగా దిబ్బ పిండైపోయింది.

ఇక మీ టికెట్లు. వెనక్కివ్వమని నేననను. మీరు మానేసినా ఆ ఓడ బయల్దేరుతుంది. కానీ మీవారి కోరిక అన్నారు కదా, దానికి ఇంకా టైముంది. ఓడ దిగిన రోజున మొదటిసారి ట్యాంకు కట్టుకోనివ్వకండి. వెళ్లేలోపు ఒక ఈతకొలనులో నాలుగు క్లాసులు చెప్పించండి, నీళ్లలో కదలకుండా నిలబడడం ఒంటికి అలవాటు కావాలి. వైద్య ప్రశ్నల ఫారం ముందే తెప్పించుకుని డాక్టరుగారి సంతకం తీసుకోండి. బీపీ మందులు వాడుతున్నట్టు జెట్టీ మీద రాస్తే అక్కడ డాక్టరు దొరకడు, అబద్ధం రాయాలనిపిస్తుంది. అది మాత్రం వద్దు. సన్‌స్క్రీన్ రాసుకునే బదులు పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకోండి. ఆక్సీబెంజోన్ లాంటి రసాయనాలున్న క్రీముల్ని పసిఫిక్ దీవుల దేశం పలావ్ 2020 నుంచీ, హవాయి 2021 నుంచీ పగడాల కోసమే నిషేధించాయి.

మీ అమ్మాయిని తిట్టకండి. తీసుకెళ్లి చూపించండి.

ప్రశ్న: అక్కా, నాకు ఓపెన్ వాటర్ అనే మొదటి మెట్టు డైవింగ్ సర్టిఫికెట్ ఉంది, ఇప్పటికి 22 డైవ్‌లు చేశాను. మా ఓడ కోజుమెల్‌లో ఆరు గంటలు ఆగుతుంది. ఓడవాళ్ల ప్యాకేజీలో వెళ్లాలా, సొంతంగా షాపు వెతుక్కోవాలా? (డైవింగ్ పిచ్చి ఉన్న తమ్ముడు)

జవాబు: తమ్ముడూ, ప్యాకేజీలో ఒక లాభం ఉంది. ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్తే ఆగదు. ఓడలో గడియారమూ ఒడ్డు మీద గడియారమూ ఒకటే చూపిస్తాయన్న నమ్మకం పెట్టుకోకు. ఓడ టైము ఫోనులో కాకుండా చేతి గడియారంలో పెట్టుకుని దిగు.

అయినా నేనైతే సొంతంగా వెతుక్కోమంటాను, ఎందుకో చెబుతాను. నేను మొదట్లో పనిచేసిన ఒక షాపు (పేరు వద్దులే) ఓడల ప్యాకేజీల మీదే నడిచేది. పొద్దున తొమ్మిదిన్నరకి జనం దిగేవారు, మధ్యాహ్నం రెండింటికి జెట్టీ దగ్గర అప్పగించాలి. ఈ మధ్యలోనే ఫారాలు, సామాన్లు, బోటు, రెండు డైవ్‌లు. మొదటిసారి దిగేవాళ్లు త్వరగా మునగరు. ఊపిరి గట్టిగా బిగపట్టి పైనే తేలుతుంటారు. అందుకని ఒక్కొక్కరికీ రెండేసి కిలోల బరువు అదనంగా కట్టమనేవారు. కట్టాను. మనిషి రాయిలా దిగుతాడు, టైము కలిసొస్తుంది. కానీ కింద ఆ అదనపు బరువుకి నడుము కిందకి లాగి కాళ్లు వేలాడతాయి, తలే పైకుంటుంది. సైకిలు తొక్కినట్టు కాళ్లాడిస్తుంటే ఫిన్ తగిలి పగడపు కొమ్మలు విరుగుతాయి, ఇసుక లేస్తుంది. అతనికి తెలియను కూడా తెలియదు, ఎందుకంటే అతని కళ్లు పైనున్న తాబేలు మీదుంటాయి. ఆ తప్పు ప్రయాణికుడిది కాదు. నాదీ, ఆ టైము పట్టికదీ. ఒక సీజను అయ్యాక ఆ షాపు మానేశాను.

అందుకే షాపువాళ్లని ముందే ఈమెయిల్లో అడుగు: ఒక గైడుకి ఎంతమంది? నలుగురు దాటితే వేరే చోటు చూసుకో. కొత్తవాళ్లనీ అలవాటున్నవాళ్లనీ ఒకే బోటులో కలుపుతారా? దిగగానే బరువు సరిచూసుకోనిస్తారా? మూడో ప్రశ్నకి "టైముండదండీ" అంటే ఇంక మాట్లాడకు.

కోజుమెల్‌లో ప్రవాహం గట్టిగా ఉంటుంది. అక్కడ డైవ్ అంటే ప్రవాహంతో పాటు సాగిపోవడమే, బోటు పైన మన వెంటే వస్తుంది. నీ 22 డైవ్‌లలో చివరిది ఏడాది కిందటిదైతే ముందు ఎక్కడైనా రిఫ్రెషర్ చేసి వెళ్లు. సాంటా రోసా అనే నిలువు పగడపు గోడ చాలా అందమైనదే, కానీ కింద లోతుకి అంతుండదు. మొదటిసారికి పాలంకార్ గార్డెన్స్ అనే దిబ్బ చాలు. రెండు డైవ్‌లు కుక్కుకోవద్దు, నిదానంగా ఒకటి చెయ్యి. అదృష్టం బాగుంటే బండ కింద గడ్డపు చేప ఒకటి కనిపిస్తుంది, రెక్కలకి పసుపు అంచు, తల మీద చారలు. స్ప్లెండిడ్ టోడ్‌ఫిష్ అంటారు. దాని సొంత ఊరు కోజుమెలే. చేతికి గ్లౌజులు, నడుముకి చాకు అక్కడి మెరైన్ పార్కులో నిషేధం. మంచి నిబంధన అది. చేతికి తొడుగుంటే పట్టుకోబుద్ధేస్తుంది.

ఇంకొకటి. 2014లో ఫ్లోరిడాలో మొదలై 2018కల్లా కోజుమెల్ చేరిన పగడపు జబ్బు ఉంది. రాతి పగడాల మాంసమంతా కొన్ని వారాల్లోనే ఊడిపోయి తెల్లటి ఎముక మిగులుతుంది. మెదడు పగడాలకి అది మరీ ఎక్కువగా సోకుతుంది. అక్కడి దిబ్బల్లో కొన్నింటిని 2019లో కొంతకాలం మూసేశారు కూడా. నీ ఓడ మూడు దీవులు తిరుగుతుంది కాబట్టి నీ వెట్‌సూటూ నీతో పాటు మూడు దీవులు తిరుగుతుంది. ఒక దీవి నీళ్లని ఇంకో దీవిలోకి మోయకు. ప్రతి డైవ్ తర్వాత సామాను క్రిమిసంహారక ద్రావణంలో నానబెట్టి, మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టు.

ప్రశ్న: ఓడల్లో దిగే జనం మీద ఆధారపడి ఆ దీవుల్లో టాక్సీవాళ్లు, చిరుదుకాణాలవాళ్లు బతుకుతున్నారు. సంపాదించుకుని వచ్చేసినవాళ్లు బయట కూర్చుని "ఓడలు వద్దు" అని రాయడం న్యాయమా? (ఒక పాఠకుడు)

జవాబు: మీ కోపం న్యాయమైనదే. నా జీతం కూడా ఆ ఓడల నుంచే వచ్చింది. కోజుమెల్‌కి ఏడాదికి 40 లక్షలకు పైగా ఓడ ప్రయాణికులు వస్తారు. రేపటి నుంచి ఒక్క ఓడా రాదంటే ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలగదో నాకు తెలుసు. 2020 మార్చిలో ఓడలన్నీ ఆగిపోయినప్పుడు నా పాత బోటు కెప్టెన్ రాత్రిపూట ఫోన్ చేసేవాడు. నీళ్లు అద్దంలా ఉన్నాయనేవాడు, బోటు వాయిదా కట్టలేదనేవాడు, రెండూ ఒకే గుక్కలో.

కానీ "ఇంక చాలు" అన్నది బయటివాళ్లు కాదండీ. అక్కడివాళ్లే. పారాయిసో దిబ్బ దగ్గర కొత్త జెట్టీ కడుతున్నారని 1996 జనవరిలో మెక్సికో దేశపు సంఘాలే ఉత్తర అమెరికా పర్యావరణ సహకార సంఘానికి (కెనడా, అమెరికా, మెక్సికోల ఉమ్మడి సంస్థకి) ఫిర్యాదు చేశాయి. ఆ సంఘం విచారించి 1997లో నివేదిక కూడా బయటపెట్టింది. జెట్టీ మాత్రం ఆగలేదు. నేను పైన చెప్పిన మజ్జిగ నీళ్లు అక్కడివే.

గ్రాండ్ కేమన్ కథ ఇంకా ముఖ్యం. అక్కడ పెద్ద ఓడలకి జెట్టీ లేదు. ఓడ దూరంగా ఆగితే చిన్న బోట్లలో జనాన్ని ఒడ్డుకి చేరుస్తారు. జార్జ్‌టౌన్ రేవులో జెట్టీ కట్టాలని ప్రభుత్వం అనుకుంది. కట్టాలంటే రేవు అడుగు తవ్వాలి, డైవింగ్‌కి పేరుపడ్డ దిబ్బలు అక్కడే ఉన్నాయి. జనం ఇంటింటికీ తిరిగి సంతకాలు పోగుచేసి, మమ్మల్ని అడగందే కట్టొద్దన్నారు. చివరికి 2025 ఏప్రిల్ 30న ఎన్నికలతో పాటు ఆ ప్రశ్న మీద ఓటింగు పెట్టారు. వద్దనే ఎక్కువమంది ఓటేశారు. వాళ్లలో టాక్సీ నడిపేవాళ్లూ ఉన్నారు, దుకాణాలవాళ్లూ ఉన్నారు.

ఫ్లోరిడాలో కీ వెస్ట్ ఊరివాళ్లు 2020 నవంబరులో ఇంకా లెక్కగా ఓటేశారు: రోజుకి 1,500 మందికి మించి ఓడల నుంచి దిగకూడదు, 1,300 మంది కన్నా ఎక్కువ పట్టే ఓడ రాకూడదు. ఏడాది తిరగకుండానే రాష్ట్ర ప్రభుత్వం చట్టం తెచ్చి ఆ ఓటుని కొట్టేసింది. ఊరు తన రేవు గురించి తాను తీసుకున్న నిర్ణయాన్ని పైనున్నవాళ్లు చెల్లదనడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నా అభిప్రాయం దాచుకోను. ఓడలు అసలే వద్దని నేననను. రోజుకి ఎంతమందో ఒక అంకె ఉండాలి, ఆ అంకె ఆ దీవివాళ్లే చెప్పాలి. వారం రోజులుండే డైవర్ గది అద్దెకి తీసుకుంటాడు, మూడు పూటలా అక్కడే తింటాడు, అదే బోటులో ఐదు రోజులు వెళ్తాడు. ఆరు గంటలుండే మనిషి ఓడలోనే తిని దిగుతాడు, డైవ్‌కి కట్టిన డబ్బులో పెద్ద వాటా ఓడ కంపెనీకే పోతుంది. అందుకే ఓడల జనం పెరిగేకొద్దీ ఆ వారం మనిషి వేరే దీవి వెతుక్కుంటుంటే, ద్వీపానికి మిగిలేదేమిటో లెక్కేసుకోవాల్సింది అక్కడివాళ్లే. కరేబియన్ దీవి బొనైర్ 1979లోనే తన చుట్టూ ఉన్న సముద్రమంతా పార్కు చేసి, దిబ్బల మీద లంగరు వేయడం మాన్పించి, బోట్లు కట్టుకోవడానికి నీళ్ల మీద తేలే బోయాలు పెట్టింది. ఎంత అనుభవమున్నవాడైనా సరే, ముందు ఒక పరిచయ డైవ్ చేసి చూపిస్తే గానీ మిగతా చోట్లకి వదలదు. అక్కడా క్రూయిజ్ ఓడలు వస్తాయి. అయినా ఆ దిబ్బలు చూడడానికి మనుషులు ఏడాది తర్వాత ఏడాది తిరిగి వెళ్తూనే ఉన్నారు.

ప్రశ్న: గ్రాండ్ కేమన్‌లో స్టింగ్‌రే చేపల్ని ఒళ్లో పెట్టుకుని ఫొటో దిగొచ్చట. వాటికి ఏమైనా ఇబ్బందా?

జవాబు: స్టింగ్‌రే (తోకకి ముల్లున్న బల్లపరుపు చేప) మామూలుగా రాత్రిపూట, ఒంటరిగా వేటాడుతుంది. గ్రాండ్ కేమన్‌లో అవి చేరే ఇసుక తిన్నె దగ్గర రోజూ జనం తిండి పెట్టీ పెట్టీ అవి పగలు తిరగడం, గుంపుగా ఉండడం నేర్చుకున్నాయి. ఓడలు ఆగిన రోజున నడుం లోతు నీళ్లలో వందలమంది మధ్య తిరుగుతుంటాయి. వెళ్తే వెళ్లండి. నీళ్లలోంచి పైకెత్తడం అక్కడ చట్టరీత్యా నేరం, ఎత్తి ఇస్తానన్న గైడుని కూడా వద్దనండి. అడుగు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడ్చుకుంటూ నడవండి, వాటి మీద కాలు పడదు. ఓడలు లేని రోజు వెళ్లగలిగితే ఇంకా మంచిది. ఏ రోజు ఎన్ని ఓడలు వస్తాయో రేవు టైము పట్టికలు ముందే చెబుతాయి.

ప్రశ్న: క్రూయిజ్ చివరి రోజున డైవ్ చేసి, మర్నాడు పొద్దున్నే విమానం ఎక్కొచ్చా?

జవాబు: ఒక్కటే డైవ్ అయితే కనీసం 12 గంటలు, రెండో అంతకన్నా ఎక్కువో చేస్తే కనీసం 18 గంటలు గడవాలి. నేను ఎప్పుడూ పూర్తి 24 గంటలు ఆగేదాన్ని. చివరి మజిలీ రోజున నీళ్ల పైపైన స్నార్కెలింగ్ (నోట్లో గొట్టంతో ఊపిరి పీలుస్తూ ఈదడం) చేసుకోండి.

ప్రశ్న: ఆంటీ, నేను ఏడో తరగతి చదువుతున్నాను. ఓడ చప్పుడు చేపలకి వినిపిస్తుందా? వాటికి భయమేస్తుందా?

జవాబు: వినిపిస్తుంది కన్నా. నీళ్లలో చప్పుడు గాలిలో కన్నా నాలుగు రెట్లు వేగంగా, చాలా దూరం వెళ్తుంది. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బ్యారియర్ రీఫ్ దగ్గర డామ్‌సెల్ అనే చిట్టి చేపలతో పరీక్ష చేశారు. మోటారు బోటు చప్పుడు ఉన్నప్పుడు వాటికి కంగారు పెరిగి, తినడానికి వచ్చే పెద్ద చేప నుంచి తప్పించుకోలేకపోయాయి. చప్పుడు లేనప్పటి కన్నా రెట్టింపుకి మించి దొరికిపోయాయి.

ఇంకో వింత చెప్పనా? పగడపు పిల్లలు పుట్టగానే నీళ్లలో తేలుతూ తిరుగుతాయి, ఆవగింజ కన్నా చిన్నగా. వాటికి చెవుల్లేవు. అయినా దిబ్బ చేసే చప్పుడు వైపు ఈదుతాయని కురసావ్ దీవిలో కనిపెట్టారు. దిబ్బకి చప్పుడేమిటి అంటావా? చిటికెలు వేసినట్టు పంజా కొట్టే రొయ్యలు వేలకొద్దీ ఉంటాయి, వాటి చటపట. చిలక చేపలు ముక్కులాంటి పళ్లతో రాయి కొరికే కరకర. ఎప్పుడైనా దిబ్బ ఉన్న చోట స్నార్కెల్ పెట్టుకునే అవకాశం వస్తే, పక్కన పెద్దవాళ్లుండగా నీళ్ల మీద బోర్లా తేలి, కాళ్లాడించడం ఆపి, ఒక్క ఐదు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఊపిరి బిగబట్టు. (ట్యాంకు కట్టుకున్నప్పుడు మాత్రం ఎప్పుడూ ఊపిరి బిగబట్టకూడదు, గుర్తుంచుకో.) నీ బుడగల చప్పుడు ఆగగానే బాణలిలో ఆవాలు చిటపటలాడినట్టు వినిపిస్తుంది. ఆ దిబ్బ బతికే ఉందన్నమాట. ఏం వినిపించిందో నాకు రాయి.